ఎలిజబెత్ సిస్టర్ జోస్యాల రిజిస్టరు

నా చేతికి నరం దొరకక ఇద్దరు నర్సులు చేతులెత్తేశాక మూడో మనిషిగా వచ్చింది ఎలిజబెత్ సిస్టర్. అది 2000 సంవత్సరం, మే నెల. కడుపులో పుండు పగిలి, రక్తం కక్కుకుని, బెంగళూరులో ఒక పెద్దాసుపత్రి మగవాళ్ళ వార్డులో పడి ఉన్నాను. ఆ పుండు సాఫ్ట్‌వేర్ షేర్ల పుణ్యం. ఫిబ్రవరిలో జనం నెత్తిన పెట్టుకుని ఊరేగించిన షేర్లు ఏప్రిల్‌కల్లా నేలమట్టమయ్యాయి. వాటిని కొనమని పత్రికలో రాసింది నేనే. రాసి ఊరుకున్నా బాగుండేది, నా రాత నేనే నమ్మి కొన్నాను కూడా.

సిస్టర్‌కి అప్పటికే యాభై నిండాయి. పొట్టి మనిషి, వార్డులో నడిస్తే చప్పుడుండదు. నా మోచేతి మడతలో రెండు వేళ్ళతో తట్టి, కిటికీ వైపు చూస్తూనే ఒక్క పోటుతో నరం పట్టేసింది.

"చూడకుండా ఎలా పట్టారు సిస్టర్?" అన్నాను.

"హస్తవాసి సార్. కొందరికి ఉంటాది, కొందరికి ఉండదు. చదువుకుంటే వచ్చేది కాదది," అని, "ఏం పని చేస్తారు మీరు?" అని అడిగింది.

షేర్ మార్కెట్ ఎటు పోతుందో రాస్తుంటానని చెప్పాను. ఆ మంచం మీద పడుకుని ఆ మాట చెప్పాలంటే సిగ్గేసింది. ఆమె నవ్వలేదు. నా మొహంలోకి తేరిపార చూసి, "అయితే మీ పేరు కూడా రాసుకోవల్ల నేను," అంది.

ఏం రాసుకోవాలో మర్నాడు తెలిసింది. డ్యూటీ దిగాక ఒక పొడుగాటి రిజిస్టరు పట్టుకొచ్చి నా మంచం పక్కన కూర్చుంది. అందులో నిలువు గీతలు, ఒక్కో పేజీకి ఒక్కో నిపుణుడి పేరు. ఫలానా రోజు ఫలానా పత్రికలో ఏమన్నాడు, ఎప్పటికి జరుగుతుందన్నాడు అనేది నీలం సిరాతో. ఆ రోజు వచ్చాక ఏం జరిగిందో ఎర్ర సిరాతో. వార్డులో రోగుల జ్వరం చార్టు ఎంత శ్రద్ధగా నింపుతుందో ఇదీ అంతే. పేజీ తిప్పినకొద్దీ ఎరుపులో ఒకటే మాట, "తప్పు". ఎనిమిదేళ్ళ పుస్తకంలో వరసగా మూడేళ్ళు ఒప్పు తెచ్చుకున్న మనిషి ఒక్కడూ లేడు.

నాకు కొంచెం మంటెక్కింది. "వీళ్ళంతా పెద్ద పెద్దవాళ్ళు సిస్టర్. దీర్ఘకాలంలో పెరుగుతుందని కదా అంటారు," అన్నాను.

"అట్లాంటివి నేను రాయను సార్. తేదీ లేదు, అంకె లేదు. మోతాదు రాయని మందు చీటీ పేషెంటుకి ఎట్లిస్తాం?"

ఆ పుస్తకం ఎందుకు మొదలైందో ఆమె నోటివెంటే విన్నాను. వాళ్ళది జమ్మలమడుగు వైపు. మిషన్ బళ్ళో చదివి, నర్సు ట్రైనింగై, పెళ్ళి చేసుకుని బెంగళూరు వచ్చేసింది. భర్త అబ్రహాం ప్రభుత్వ ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పనిచేసేవాడు. 1992లో ఊరంతా షేర్ల పిచ్చి పట్టినప్పుడు, ఏడాదిలో డబ్బు రెట్టింపని ఒక నిపుణుడు పేపర్లో రాస్తే, ప్రావిడెంట్ ఫండ్ మీద అప్పు తీసి పెట్టాడు. ఆర్నెల్లలో పావు వంతు మిగిలింది. అబ్రహాం ఎవర్నీ తిట్టలేదు. మనిషే మాట తగ్గిపోయాడు. ఐదేళ్ళకి గుండెపోటుతో పోయాడు. షేర్ల వల్లే పోయాడని ఆమె ఏనాడూ అనలేదు.

ఆమె అన్నది ఇదీ: "మా ఆయన తప్పు డాక్టర్ దగ్గరికి పోయినాడు సార్, అంతే. దానికి వైద్యమే అబద్ధమని ఎట్లంటాం? ఇంతమంది చెప్తాండారు. వీళ్ళల్లో ఒకరికన్నా హస్తవాసి ఉండాది. ఆ ఒక్కర్ని కనుక్కోవల్ల."

నేను ఆర్థికశాస్త్రంలో ఎమ్మే చేసినవాణ్ణి. ఆ మాటలో తప్పెక్కడుందో ఆ క్షణమే చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. మరో తొమ్మిదేళ్ళు చెప్పలేదు.

నా పేరు పద్మనాభం. చిక్కపేటలో ఒక చీరల హోల్‌సేల్ కొట్టు పైన మా వారపత్రిక ఆఫీసు ఉండేది. కింద కూలీలు మూటలు దించుతుంటే పైన నా కుర్చీ అదిరేది. మా చందాదారులు చాలామంది ఆ వీధి వ్యాపారులే. ఓనరు రాజగోపాల్ ప్రతి డిసెంబరులో నా బల్ల దగ్గరికొచ్చి, "కొత్త సంవత్సరం సంచికకి అంకె కావాలయ్యా," అనేవాడు. వచ్చే డిసెంబరుకి సెన్సెక్స్ ఎంతుంటుందో చెప్పే అంకె. ఎలా వస్తుంది ఆ అంకె? బొంబాయి నుంచి, విదేశాల నుంచి వచ్చిన రిపోర్టులు నాలుగు ముందేసుకుని, ఎదుగుతున్న మార్కెట్ల మీద వాళ్ళేమన్నారో చూసి, అటూ ఇటూ కాకుండా మధ్యలో ఒకటి రాసేవాణ్ణి. దానికి కారణాలు తర్వాత వెతికేవాణ్ణి. కారణాలు ఎప్పుడూ దొరుకుతాయి, అదే ఈ వృత్తిలో ఉన్న సుఖం.

2001 జనవరిలో ఎలిజబెత్ సిస్టర్ మా మెట్లెక్కి వచ్చింది. చేతిలో అరిసెల డబ్బా, చంకలో రిజిస్టరు. పాతవాళ్ళందరినీ కొట్టేసి మళ్ళీ మొదటినుంచి ముప్పై నాలుగు పేర్లతో కొత్త పుస్తకం వేసింది. అందులో ముప్పై నాలుగో పేరు నాది. ఆ ఏడు మార్కెట్ పడుతుందని రాశాను. చేతులు కాలిన కోపంలో రాసిన రాత అది, అందులో శాస్త్రమేమీ లేదు. సిస్టర్ దాన్ని నీలం సిరాతో ఎక్కించి, పుస్తకం నా వైపు తిప్పి సంతకం పెట్టమంది.

అది వాళ్ళ పని పద్ధతి. డాక్టరు ఎదురుగా లేక ఫోన్లో మందు చెప్తే నర్సు తన చేత్తో రాసుకుంటుంది. తర్వాత డాక్టరొచ్చి దాని పక్కన సంతకం చెయ్యాలి. ఆ కిందే "ఇచ్చినవారు" అని ఇంకో గడి ఉంటుంది. మందు ఇచ్చిన నర్సు అక్కడ తన సంతకం పెడుతుంది. రిజిస్టరులోనూ రెండు గడులూ గీసుకుంది. మిగతా ముప్పై ముగ్గురూ ఎక్కడెక్కడో ఉండే పెద్దవాళ్ళు, వాళ్ళ సంతకాలు ఎలా దొరుకుతాయి? అందుబాటులో ఉన్న నిపుణుణ్ణి నేనొక్కణ్ణే. రెండో గడి అందరిదీ ఖాళీయే, ఆమె అప్పటిదాకా ఎవరి మాట మీదా పైసా పెట్టలేదు కనక.

2001లో మార్కెట్ పడింది. నాకు ఒప్పు. ఒక్కసారి తప్పు చెప్పినా పేరు కొట్టెయ్యడం ఆమె పద్ధతి, సగం పేర్లు ఎగిరిపోయాయి. 2002లో ఎక్కడిదక్కడే ఉంటుందన్నాను, అలాగే ఉంది. ఇంకో పదిమంది పోయారు. ఆ తర్వాత ఐదేళ్ళూ పెరుగుతుందన్నాను. ఐదేళ్ళూ పెరిగింది. ఆ రోజుల్లో పెరుగుతుందని మా ఆఫీసులో టీ తెచ్చే పుల్లయ్య చెప్పినా నిజమయ్యేది. కానీ మొదటి రెండేళ్ళ వడపోతలో మిగిలినవాళ్ళమే కొద్దిమందిమి. వాళ్ళల్లో మిగతావాళ్ళు ఒక్కొక్కరే మధ్యలో భయపడి పడుతుందన్నారు, వాళ్ళ పేర్ల మీదా గీత పడింది. 2007 ముగిసేసరికి ముప్పై నాలుగు పేర్లలో గీత పడని పేరు ఒక్కటే మిగిలింది.

ఆ పేరు నాది కావడం నాకెంత మత్తెక్కించిందో దాచుకోను. టీవీ వాళ్ళు పిలిచేవారు. హోటళ్ళలో మీటింగుల్లో పూలగుత్తి ఇచ్చేవారు. కానీ వాటన్నిటికన్నా జనవరి మొదటి వారంలో మెట్ల మీద వినపడే సిస్టర్ చెప్పుల చప్పుడు కోసమే ఎదురుచూసేవాణ్ణి. ఏడు వరసలు, ఏడు ఎర్ర ఒప్పులు, పక్కన నా ఏడు సంతకాలు. ఆ పేజీ చూసి చూసి నాకే నమ్మకం కుదిరింది, నా చేతిలో ఏదో ఉందని.

2008 జనవరిలో వచ్చినప్పుడు ఆమె కూర్చోలేదు. నవంబరులో రిటైరైందట. క్వార్టర్సు ఖాళీ చేసి లింగరాజపురంలో ఒక గది అద్దెకి తీసుకుంది. అబ్రహాం బతికున్నప్పుడు ఊరి శివారు హూడిలో చుట్టూ రాగి చేలే ఉన్న రోజుల్లో కొన్న సైటు ఒకటుంది. దానిమీద రెండు గదుల ఇల్లు కట్టాలి. ఒక గది తనకి, రెండోది చెల్లెలు ఏంజెల్‌కి. ఏంజెల్ కూడా నర్సే, పెళ్ళి చేసుకోలేదు, ముప్పయ్యేళ్ళుగా హాస్టలు మంచాల మీదే బతుకు. ఎలిజబెత్ సిస్టర్ జీవితంలో గట్టిగా కోరుకున్నది నాకు తెలిసి అదొక్కటే, అక్కాచెల్లెళ్ళు ఒక ఇంట్లో ముసలివాళ్ళవడం.

మేస్త్రీ చిక్కమునియప్ప రెండు గదులకీ తొమ్మిదిన్నర లక్షలు చెప్పాడు. చేతికొచ్చిన డబ్బు ఏడున్నర. ఆ మేస్త్రీని వెంటబెట్టుకునే వచ్చింది. పెద్దాయన గుమ్మం దగ్గరే నిలబడి, "ఉన్న దుడ్డుతో ఒక గది లేపేద్దామని చెప్తాండా సార్ నేను. మిగిలిన దుడ్డుకి కొంచెం కలిపి రెండోది మెల్లగా రెండేండ్లలో లేపుకుందురు. రేపు సిమెంటు ఏం ధర అవుతాదో ఎవురికి తెలుసప్పా?" అన్నాడు నాతో, ఆమెకి నచ్చజెప్పమన్నట్టు.

మా సంచిక బల్ల మీదే ఉంది. మార్కెట్ ఇరవై వేలు దాటింది, డిసెంబరుకి ఇరవై అయిదు వేలు అని నా అంకె. అమెరికా పడినా మనలాంటి ఎదుగుతున్న దేశాలు పడవు, మన బండి వేరు అని ఆ ఏడు అందరూ రాశారు. నేనూ రాశాను. సిస్టర్ లెక్క వేసుకునే వచ్చింది. నా అంకె నిజమైతే ఏడున్నర లక్షలు ఏడాదిలో తొమ్మిదింబావు దాటుతాయి. మిగతా కొంచెం ఎలాగో సర్దుకుంటే రెండో గది.

ఆమె నీలం పెన్ను తీసి, తెరవకుండా పట్టుకుని అడిగింది: "సార్, ఇన్నేండ్లూ నేను అడగలా. ఇపుడు అడుగుతా ఉండా. ఇది మీకు తెలిసిన మాటా, ఊహించిన మాటా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఊహేనమ్మా, నాకేమీ తెలియదు, గది కట్టుకో అని. కానీ పక్క బల్ల దగ్గర రాజగోపాల్ వింటున్నాడు. ఎదురుగా నా ఏడు సంతకాలున్నాయి. అంత నమ్మకంగా నన్ను అడిగిన మనిషి ముందు చిన్నబోవడం నా వల్ల కాలేదు.

"తెలిసే చెప్తున్నాను సిస్టర్," అన్నాను.

సిస్టర్ రాసింది, నేను సంతకం పెట్టాను. నాలుగు రోజుల్లో డబ్బంతా సెన్సెక్స్‌తో పాటు నడిచే మ్యూచువల్ ఫండ్‌లో పెట్టేసింది. అంతకంటే ఎత్తైన రోజులు మార్కెట్ ఆ తర్వాత చాలాకాలం చూడలేదు.

అదే నెల మూడో వారంలో మొదటి దెబ్బ. అక్టోబరుకి తొమ్మిది వేల కిందికి. ఇరవై అయిదన్న నా అంకె ఆ ఏడాది ఆఖరికి పదివేలు కూడా లేదు. ఆ ఏడాదంతా ఆమె ఒక్క ఫోనూ చెయ్యలేదు. చేస్తే ఏం చెప్పాలా అని నేను మాత్రం ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను.

2009 జనవరిలో మామూలుగానే వచ్చింది, అరిసెలతో సహా. 2008 వరసలో ఎర్ర సిరాతో "తప్పు" రాసుకొచ్చింది. "ఎనిమిదింట్లో ఏడు ఒప్పు సార్. ఎంత మంచి చెయ్యైనా ఒకసారి నరం తప్పుతాది," అంది. నన్ను ఓదారుస్తోంది! తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. అప్పటికి నాకు భయం పూర్తిగా తలకెక్కి ఉంది. లోకమంతా మునిగిపోతోందని రిపోర్టులన్నీ ఘోషిస్తున్నాయి. ఏడాది చివరికి ఆరు వేలు అని రాశాను. ఆమె అదీ ఎక్కించుకుంది, నేను అదీ సంతకం చేశాను. మార్చి మొదటి వారంలో ఉన్నదంతా అమ్మేసింది. చేతికొచ్చింది మూడు లక్షలు.

మేలో ఎన్నికల ఫలితాలొచ్చిన తర్వాతి సోమవారం మార్కెట్ తెరిచీ తెరవగానే పైకి దూసుకుపోయి, ఒక్కరోజులో అంతకుమించి పెరగకూడదన్న నియమం కింద లావాదేవీలే ఆపేశారు. కింద చీరల కొట్టు వాళ్ళు మిఠాయిలు పంచారు. నేను ఆ లడ్డు చేతిలో పట్టుకుని మూడు లక్షల గురించే ఆలోచిస్తూ కూర్చున్నాను.

జూన్‌లో, తన నెల కాని నెలలో, మెట్ల మీద ఆ చెప్పుల చప్పుడు వినపడింది. అరిసెలు లేవు, రిజిస్టరు ఉంది. ఆమె కూర్చోకముందే నేను మొదలుపెట్టాను. ఏడాదిన్నరగా కడుపులో దాచుకున్నదంతా కక్కేశాను. ఆ ఏడు ఒప్పులూ హస్తవాసి కాదన్నాను. ముప్పై నాలుగు మంది ఏడాదికోసారి నాణెం ఎగరేసి, తప్పు చెప్పినవాణ్ణల్లా కొట్టేస్తూ పోతే, చివరికి ఎవడో ఒకడు మిగులుతాడు కదా అన్నాను. ఆ మిగిలినవాడికి నాణెం గురించి ఏమీ తెలియనక్కర్లేదన్నాను. "మీ పుస్తకంలో తప్పు లేదు సిస్టర్. పుస్తకం నా దగ్గరికి తెచ్చింది చూడండి, అక్కడుంది తప్పు."

ఆమె మధ్యలో అడ్డు రాలేదు. రోగి మాట పూర్తిగా వినే అలవాటు కదా. అంతా అయ్యాక, "నరం పట్టేది అట్లా కాదే సార్," అంది మెల్లగా. "అది నిజంగానే చేతికి తెలుస్తాది."

"అవును సిస్టర్. నరం అక్కడే ఉంటుంది. నేను చెప్పేది ఇంకా పుట్టలేదు."

చాలాసేపు పేజీలు తిప్పింది. అబ్రహాం కాలపు పాత పుస్తకం గుర్తొచ్చిందేమో, కళ్ళు తుడుచుకుంది. అప్పుడు 2008 వరస తీసి నా వైపు తిప్పింది. నా సంతకం అక్కడ ముందే ఉంది. కిందనున్న "ఇచ్చినవారు" గడి మాత్రం ఖాళీగా ఉంది. పెన్ను తీసుకుని అందులో తన పేరు పూర్తిగా రాసింది. 2009 వరసలోనూ రాసింది.

"ఇదెందుకు సిస్టర్?" అన్నాను.

"ఆర్డరు మీది సార్. సూది పొడిచిన చెయ్యి నాది," అంది. "నలభై ఏండ్లు చేసినా ఈ పని. పేషెంటుకి ఏమన్నా అయితే డాక్టర్ ఒక్కడి పేరే రాసి ఊరుకోను నేను."

నన్ను క్షమించానని ఆమె అనలేదు. నేను అడగనూ లేదు.

చిక్కమునియప్ప ఆమెకి ఆ డబ్బుతోనే ఒక గది లేపి, పైన రేకులు వేశాడు. తన కూలిలో కొంత వదులుకున్నాడని తర్వాత తెలిసింది. 2010 జనవరి మొదటి ఆదివారం మధ్యాహ్నం గృహప్రవేశం ప్రార్థనకి నన్నూ పిలిచింది. హూడిలో రాగి చేలు ఎప్పుడో పోయాయి, చుట్టూ అద్దాల ఆఫీసులు. వాటి మధ్య ఒక్క మంచం పట్టేంత చిన్న సున్నపు గోడల ఇల్లు. తూర్పు గోడకి ఒక పక్క ఇటుకలు పళ్ళలా బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఏమిటని మేస్త్రీని అడిగాను.

"రెండో గది గోడ కలపడానికి వదిలినా సార్," అన్నాడు. "దుడ్డు వచ్చినపుడు వస్తాది."

పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరికీ భోజనాలయ్యాయి. ఏంజెల్‌ని అప్పుడే మొదటిసారి చూడటం. అక్కలాగే పొట్టి మనిషి, జుట్టు పూర్తిగా నెరిసింది. పాత్రలు కడిగి, చీర చెంగుతో చేతులు తుడుచుకుని, గోడకున్న గడియారం చూసి సంచీ భుజాన వేసుకుంది. ఏడింటికి హాస్టలు గేటు వేసేస్తారట. "వస్తా అక్కా," అని బస్టాపు వైపు నడిచింది. సిస్టర్ గుమ్మంలో నిలబడి, చెల్లెలు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉంది.

లోపలికొచ్చి పెట్టెలోంచి రిజిస్టరు తీసింది. కొత్త పేజీ, పైన నా పేరు. ఆ డిసెంబరులోనూ రాజగోపాల్ అంకె అడిగాడు, నేనింకా ఇవ్వలేదు.

"ఈ ఏడు ఏమంటారు సార్?"

"నాకు తెలీదు సిస్టర్."

ఆమె నీలం సిరాతో ఆ మాట ఉన్నదున్నట్టు రాసింది. తేదీ వేసింది. సంతకానికి పుస్తకం నా వైపు తిప్పి, పెన్ను అందించింది.

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే," అంది, గుమ్మంలోంచి వీధి మలుపు వైపు చూస్తూ, "ఏంజెల్‌కి ఇప్పుడు ఆ బస్సు ఎక్కే పని ఉండేది కాదు సార్."

నేను సంతకం పెట్టాను.